చూసినావా, విన్నావా?

మా తెలుగు అయ్యవారు పోయారన్న కబురు సోమవారం ఉదయం ధర్మవరం వైపు నుంచి వచ్చే బండిలో హిందూపురం చేరింది. తెచ్చినవాడు మా స్టేషన్‌లో మూటలు మోసే మనిషి. నేను అరుగు మీద పేపరు చదువుకుంటున్నాను.

"పెద్ద టీచరమ్మా, మీ అయ్యోరు ధర్మవరంలో పోయినాడంట."

నేను పేపరు మడవలేదు. "చూసినావా, విన్నావా?" అని అడిగాను.

"విన్నానమ్మా. గార్డు చెప్పినాడు. ఆయప్పకు కూడా ఎవురో చెప్పినారంట."

"అయితే నాకింకా కబురు రాలేదు" అన్నాను. అతడు నా ముఖం కేసి ఒక్క క్షణం చూసి, తలపాగా సర్దుకుని వెళ్లిపోయాడు. ముసలామెకు మతి చలించిందని అనుకుని ఉంటాడు. నేను లోపలికి వెళ్లి చీర మార్చుకున్నాను. తలుపుకు తాళం వేసి తర్వాతి బండి అందుకున్నాను.

ఈ మాటలు రాసేటప్పటికి ఆయన పోయి పక్షం దాటింది. అయినా నా బుద్ధి ఇంకా ఆ బండిలోనే కూర్చుని ఉంది. పెనుకొండ కొండ కిటికీలో నుంచి మెల్లగా వెనక్కి జరుగుతుంటే, ఎవరో ఎవరినో చూసి ఆయన అనుకున్నారని నాకు నేను చెప్పుకుంటూ పోయాను. శనివారం సాయంత్రం నా గొడుగు తీసుకుపోయిన మనిషి సోమవారానికి లేకుండా ఎలా పోతాడు? బతికున్న మనిషిని ఊరంతా కలిసి చంపేసిన సంగతి ఒకటి మా ఇద్దరికీ తెలుసు. ఆ సంగతి వల్లనే ఆయన ఆ ప్రశ్న నేర్చుకున్నారు. ఆయన వల్ల నేను నేర్చుకున్నాను.

ఆయన మా బాలికల పాఠశాలలో తెలుగు పండితులు. నేను ప్రధానోపాధ్యాయినిని. ఆయన పద్యం ఎత్తుకుంటే పక్క తరగతిలో లెక్కలు ఆగిపోయేవి. నేను మందలిస్తే, "గొంతు నాది కాదు పెద్ద టీచరమ్మా, మా నాయనది, ఆయప్ప గొర్రెలు కాసినాడు" అనేవారు. వాన ఎరుగని మా ఊళ్లో ఆయన గొడుగు లేకుండా గడప దాటేవారు కాదు. ఎందుకని అడిగితే, "రాదని తెలుసు. వచ్చిననాడు దానికి మర్యాద చేయొద్దా?" అనేవారు. పేపరును చివరి పేజీ నుంచి మొదలుపెట్టేవారు. పెద్ద అక్షరాలు ఎప్పుడూ తొందరపడతాయట, చిన్న అక్షరాలు నిదానస్తులట. వెళ్లేటప్పుడు తన జేబులో గడియారం ఉన్నా నన్నే "టైమెంతయిందండీ?" అని అడిగేవారు.

ఆ చివరి అలవాటుకు అర్థం నేను చాలా ఆలస్యంగా గ్రహించాను. నాకు పదహారేళ్లు నిండకముందే భర్త పోయాడు. నన్నెవరూ ఏమీ అడగలేదు. నా గాజులు పెద్దలే పగలగొట్టారు. తర్వాత నేను మద్రాసు వెళ్లి చదువుకున్నాను, ఉద్యోగం చేశాను, మొదటి జీతంతో చేతి గడియారం కొనుక్కున్నాను. బోడి చేతికి ఆ సోకేమిటని హిందూపురం చాలాకాలం చెవులు కొరుక్కుంది. ఆ గడియారాన్ని గడియారంగా చూసిన మనిషి ఆయన ఒక్కరే.

యుద్ధం వచ్చిన తర్వాత సర్కారు ప్రచార శాఖవారు ఊరూరా తిరగడానికి ఒక మోటారు వ్యాను పెట్టారు. దానిమీద మైకు గొట్టం, లోపల గ్రామఫోను, తెల్లగుడ్డ మీద చూపడానికి యుద్ధం బొమ్మలు. తెలుగులో ఉపన్యసించే మనిషి కావలసి వచ్చింది. గొంతు చూసి మా అయ్యవారిని పిలిచారు. ఆయన రాజీనామా పట్టుకుని నా గదికి వచ్చారు.

"అయ్యవారూ, అబద్ధాలు చెప్పడానికా పోతున్నారు?" అన్నాను.

"మీ ఇంగ్లీషు పేపరు చెప్పేదే చెప్పబోతాండా. అది ఇస్త్రీ చేసి చెప్తుంది. నేను నలిగిన చొక్కాతో చెప్తా. అంతే తేడా."

నాకు నవ్వు వచ్చింది. కోపం కూడా వచ్చింది. రాజీనామా మీద సంతకం చేశాను.

పెనుకొండలో ఆయన ఉపన్యాసం ఒకసారి విన్నాను. సంతరోజు. కాగితం మద్రాసు నుంచి వచ్చింది. మన సేనలు ముందే నిర్ణయించుకున్న స్థానాలకు క్రమపద్ధతిలో వెనుకకు మరలాయని అందులో ఉంది. ఆయన గంభీరంగా చదివారు. వేరుశనక్కాయల గంప దగ్గర కూర్చున్న ఒక రైతు గట్టిగా అన్నాడు: "పరిగెత్తినారని చెప్పరాదా అయ్యోరూ? మేమూ ఎలుగుబంటిని చూస్తే అట్లనే క్రమంగా మరలుతాం."

జనం గొల్లుమన్నారు. ఇంకొకడు అందుకున్నాడు: "ఏమప్పా, గెలుస్తాండాం గెలుస్తాండాం అని పోయినేడు నుంచీ చెప్తాండావు. మరి కిరసనాయిలు యాడ?"

అయ్యవారు కాగితం మడిచి, "అది ఆ క్రమంలోనే వెనక్కి మరలింది లేబ్బా" అన్నారు. ఆయన చమత్కారాన్ని జనం మెచ్చుకున్నారు. మాటను మాత్రం ఒక్కరూ నమ్మలేదు. నమ్మకపోయినా కొందరు సైన్యంలో చేరారు. ధర్మవరంలో పట్టు దొరకడం లేదు. విమానాల నుంచి దూకే సైనికుల గాలిగొడుగులకని సర్కారే కొనుక్కుపోతోందని చెప్పుకునేవారు. మగ్గాలు ఆగిపోయాయి. ఆగిన మగ్గాల వీధి నుంచి ఒక కుర్రవాడు అయ్యవారి ఉపన్యాసం విన్న మరునాడే పేరు ఇచ్చాడు. పెళ్లయి ఏడాది. ముసలి తల్లిదండ్రులకు ఒక్కడే కొడుకు.

అతడు తూర్పు దేశాలకు వెళ్లిన తర్వాత కొన్ని నెలలు ఉత్తరం లేదు. అప్పుడే ప్రచార శాఖ అధికారికి ఒక ఆలోచన తోచింది. సైన్యంలో చేరినవాళ్ల ఫోటోలు పెద్దవి చేయించి, వ్యాను ముందు కట్టి, పూలదండ వేసి, వాళ్ల వాళ్ల ఊళ్లలో ఊరేగించాలి. చూసి ఇంకా కొందరు చేరతారు.

అయ్యవారు అభ్యంతరం చెప్పారు. "అయ్యా, మా తట్టు మనిషికి దండ వేస్తే సన్మానం. పటానికి దండ వేస్తే ఆ మనిషి లేడని." ఆ అధికారి మా వైపువాడు కాదు. పటానికైనా మనిషికైనా గౌరవం ఒకటేనని నవ్వి కొట్టివేశాడు. అయ్యవారు సరేనన్నారు. వీధి మొదట్లోనే మైకులో అంతా విడమరచి చెప్పేయవచ్చని అనుకున్నారు.

వీధి మొదట్లో గ్రామఫోను పాట మోగుతోంది. దాన్ని ఆపి మైకు అందుకునేలోపే వ్యాను ఆ ఇంటి ముందుకు చేరింది.

ఆ నేతవీధిలో ఒక ఆచారం ఉంది. చావు కబురు తెచ్చినవాణ్ణి కూర్చోమనరు, నీళ్లివ్వరు. ముందు ఇంటిపెద్ద గుమ్మంలో నిలబడి, "చూసినావా, విన్నావా?" అని అడుగుతాడు. చూశానంటేనే ఏడుపు మొదలవుతుంది, మైల పడతారు. విన్నానంటే చూసినవాడు దొరికేదాకా ఆ ఇంట పొయ్యి వెలుగుతూనే ఉంటుంది. ఎన్ని తరాల నుంచి వస్తున్న పద్ధతో తెలియదు. సంతల్లో చీరలు అమ్ముకోవడానికి మగవాళ్లు నెలల తరబడి ఊళ్లు తిరిగే కులవృత్తి వాళ్లది. తప్పుడు కబుర్లు ఎన్ని విని ఉంటారో.

ఆ రోజు ముందుగా ఆ ప్రశ్న ఎవరికీ తోచలేదు. కొడుకు ముఖం, దానిమీద చామంతుల దండ, వెనక సర్కారు బండి. తల్లి వీధిలో కూలబడింది. ఆడవాళ్లు చుట్టుముట్టి శోకాలు పెట్టారు. వ్యానుతో వచ్చిన ఫోటోగ్రాఫరు ఒకడు మూలన నిలబడి ఫోటోలు తీస్తున్నాడు.

అయ్యవారు మైకు పట్టుకుని అరిచారు: "బతికుండాడు! వాడు బతికుండాడు! ఏడవొద్దండి!"

ఎవరూ తలెత్తలేదు. కుర్రవాడి తండ్రి మాత్రం వచ్చి ఆ గొట్టాన్ని చూపిస్తూ అన్నాడట: "అయ్యోరూ, ఆ గొట్టంలో ఇన్ని దినాలూ అంతా బాగుండాది అనే చెప్తివి. ఈపొద్దు మా వాడు బాగుండాడంటే ఎట్ల నమ్మేది?"

దీన్ని ఆయన నాకు చెప్పిన సాయంత్రం గుర్తుంది. మా అరుగు మీద కూర్చుని, గోడనే చూస్తూ చెప్పారు. "పెద్ద టీచరమ్మా, నా జన్మలో ఆ మైకులో పలికిన ఒకే ఒక్క నిజం అది. దాన్ని నమ్మే దిక్కు లేకపోయింది."

అది కూడా నిజమో కాదో ఆయనకు తెలియదని అదే వీధిలో తేలింది. ముసలమ్మలు కోడలి గాజుల మీద చేయి వేశారు. అప్పటిదాకా కండెలు చుట్టే రాట్నం దగ్గర కదలకుండా కూర్చున్న ఆ పిల్ల, చేతులు విదిలించుకుని లేచి వ్యాను దగ్గరికి వచ్చింది.

"అయ్యోరూ, ఆయప్పను మీరు చూసినారా, విన్నారా?"

మైకు ఆపకుండానే ఆయన జవాబిచ్చారు. వీధంతా వినిపించింది. "విన్నానమ్మా. బతికుండాడని విన్నాను. చూడలే."

"చచ్చిపోయినాడని చూసినోళ్లు ఉండారా?"

"లేరమ్మా. ఎవురూ లేరు."

ఆమె వెనుదిరిగి అత్తతో అన్నది: "విన్నారు కదత్తా. చూసినోడు రానీ. అంతదాంక నా గాజులు ముట్టుకోవద్దండి."

కొన్ని వారాలకు అతడి కార్డు వచ్చింది. చలిజ్వరంతో ఆసుపత్రిలో ఉన్నాడట, తగ్గిందట. ఆ కార్డు వచ్చేదాకా వీధిలో కొందరు ఆమె చేతి నీళ్లు తాగలేదు.

దానికి ముందే మరొకటి జరిగింది. ప్రచార శాఖవారు అచ్చువేసి ఊళ్లకు పంచే ఒక పత్రిక మా పాఠశాలకూ వచ్చేది. ఒక సంచికలో ధర్మవరం ఫోటో వేశారు. వీధిలో కూలబడి, గుండెల మీద చేతులు వేసుకుని ఏడుస్తున్న ఆ తల్లి. కింద అచ్చులో ఉన్న మాటలు: వీరకుమారుని చిత్తరువు చూచి ఆనందబాష్పాలు రాల్చుచున్న మాతృమూర్తి.

నేను అయ్యవారిని పిలిపించి ఆ పత్రిక చేతికిచ్చాను. ఆయన చివరి పేజీ నుంచి మొదలుపెట్టలేదు. ఆ ఫోటో ఒక్కటే చూశారు. చాలాసేపు చూశారు. పేపరును మడవడంలో ఎంతో పట్టింపు ఉన్న మనిషి, దాన్ని మడవకుండానే అరుగు మీద వదిలేసి లేచారు. నన్ను టైము అడగలేదు. మర్నాడు వ్యాను ఆయన లేకుండా పోయింది. అధికారి బెదిరించాడని విన్నాను. చూడలేదు కాబట్టి అంతకంటే రాయను.

ఆయన నా గదికి తిరిగి వచ్చి నిలబడినప్పుడు నేను ఏమీ అడగలేదు. "మూడో తరగతికి తెలుగు చెప్పేవాళ్లు లేరు, పదండి" అన్నాను. సర్కారుకు కోపం వస్తుందని పాఠశాల కమిటీలో ఒకరు సణిగారు. అయ్యవారు పోతే నేనూ పోతానన్నాను. సణుగుడు ఆగింది.

అప్పటి నుంచి నెలకొకసారి ఆదివారం ఆయన ధర్మవరం బండి ఎక్కేవారు. ఆ ఇంటి అరుగు మీద కూర్చుని వీధికంతా పేపరు చదివేవారు. చదివి ఊరుకోరు, వేరుచేసేవారు. "ఇది చూసినోడు రాసింది. ఇది విన్నోడు రాసింది. ఇది ఎవురో రాయమంటే రాసింది." పట్టు దొరకక నూలు ఎక్కించిన మగ్గం గుంతల్లో కూర్చున్నవాళ్లు కాళ్లు ఆడిస్తూనే అడిగేవారట: "ఇది యా రకం అయ్యోరూ?" ఒక్కోసారి ఆయన, "నాకూ తెలీదబ్బా" అనేవారట. మైకు ముందు ఏనాడూ రాని ఆ మాట ఆ అరుగు మీద ఆయనకు సులువుగా వచ్చేది.

యుద్ధం చివరి ఏడాది ఆ కుర్రవాడి ఉత్తరాలు ఆగిపోయాయి. యుద్ధం ముగిసింది. బాణాసంచా కాల్చారు. సైన్యంవారిని అడిగితే జాడ తెలియలేదన్నారు. వాళ్లకు ఇంగ్లీషులో రాసింది నేనే. ఎన్నిసార్లు రాసినా జవాబు అదే. తల్లి దిగులుతో పోయింది. కోడలి గాజుల ఊసు మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఇక ఆ శనివారం. అయ్యవారు వచ్చి కూర్చున్నారు. ఇచ్చిన కాఫీ చల్లారిపోతున్నా ముట్టుకోలేదు.

"రేపు ధర్మవరం పోతాండా."

"ఇది మీ ఆదివారం కాదే?"

"చూసినోడు దొరికినాడు. ముదిగుబ్బ మనిషి. వాళ్ల పటాలంలోనే ఉండినాడంట. మొన్న మా తమ్ముడు చెప్తే పోయి మాట్లాడి వచ్చినా."

"ఏం చూశాడు?" అన్నాను.

ఆయన తల అడ్డంగా ఊపారు. "ముందు ఆయమ్మకు చెప్పల్ల. ఆ కబురు ఆయమ్మది. ఊరికి ముందు చెప్పి మనిషికి తర్వాత చెప్పే ఉద్యోగం ఒకసారి చేసినా. చాలు."

నాకు కోపం వచ్చింది. ఇంగ్లీషులో అన్ని ఉత్తరాలు రాసిన నాకూ చెప్పరా? ఆయన లేచి, తన గొడుగు ఊచ విరిగిందని నాది అడిగారు. ఇచ్చాను. మెట్టు దిగి, వెనుదిరిగి, "టైమెంతయిందండీ?" అన్నారు. చెప్పాను. నేను ఆయనతో మాట్లాడిన చివరి మాట ఒక గంట, కొన్ని నిమిషాలు.

ధర్మవరంలో ఆ వీధి మలుపు తిరిగినప్పుడు మగ్గాల చప్పుడు లేదు. నేత ఇంటి అరుగు మీద, గోడకు ఆనించిన నా గొడుగు కనిపించింది. ఇక నేను ఎవరినీ ఏమీ అడగవలసిన పని లేకపోయింది.

ఆ కోడలే ఎదురొచ్చింది. చేతులకు పచ్చగాజులు. అడగకుండానే చెప్పింది. "నేను చూసినానమ్మా. ముందు పేపరు చదివేసి, లోపలికొచ్చి నీకొకటి చెప్తా అన్నాడు. చదువుతా చదువుతా నీళ్లడిగినాడు. చెంబు తెచ్చేలోగా తల గోడకు ఆనించినాడు. పిలిస్తే పలకలే."

ఓబులదేవరచెరువు నుంచి ఆయన తమ్ముడు వచ్చి సాయంత్రం దహనం చేశాడు. నేతవీధి మగవాళ్లంతా వెంట నడిచారు. ఆనాడు మైకులో కేకలు వేసిన మనిషి పాడెను ఆమె ముసలి మామగారు కొంతదూరం భుజాన మోశాడు. "మా అయ్యోరప్పా" అన్నాడు అంతే.

ఆ రాత్రి నన్ను ఆ ఇంట్లోనే పడుకోమన్నారు. తెల్లవారి ఆమె నా దగ్గర కూర్చుని అడిగింది. "నాకేమో చెప్పల్లనుకున్యాడమ్మా. మీకేమన్నా తెలుసునా?"

ఇన్నేళ్ల ఉపాధ్యాయ వృత్తిలో ఏ ప్రశ్నా నన్ను అంతగా నిలబెట్టలేదు. ఆయన నాకు చెప్పి ఉంటే ఆ క్షణంలో నా ముఖమే చెప్పేసేది. చెప్పలేదు కాబట్టి నిజం చెప్పగలిగాను. "నాకు తెలియదమ్మా. చూసినవాడు ముదిగుబ్బలో ఉన్నాడని మాత్రం విన్నాను."

ఆమె లేచి రాట్నం పక్కకు జరిపింది. "పోదాం రండి" అన్నది.

పెట్రోలు కరువుతో బొగ్గు మీద నడిచే బస్సులో వెళ్లాం. యుద్ధం నుంచి తిరిగొచ్చినవాడి ఇల్లు ఎక్కడని అడిగితే ముదిగుబ్బలో చిన్నపిల్లలు కూడా చూపించారు. అతడు గొర్రెల దొడ్డి దగ్గర ఉన్నాడు. ఒక కాలు ఈడుస్తున్నాడు. ఆమెను చూడగానే ఎవరో అతడికి తెలిసిపోయింది. ఆమె గొంతు సవరించుకుని, ఆ ఇంట్లో తరతరాలుగా మగవాళ్లు మాత్రమే అడిగిన ప్రశ్న మళ్లీ తానే అడిగింది.

"చూసినావాన్నా, విన్నావా?"

"చూసినానమ్మా" అన్నాడతడు.

నేను దొడ్డి కంప దాకా వెనక్కి వచ్చి నిలబడ్డాను. అతడు ఏమి చూశాడో తిరిగొచ్చేటప్పుడు ఆమె నాకు చెప్పింది. దాన్ని ఇక్కడ రాయను. అది ఆమె కబురు. మా అయ్యవారు చనిపోయే క్షణం దాకా ఆమె కోసమే మోసినది.

మా పాఠశాల పిల్లలు ఆయన ఫోటోకు కనకాంబరాల దండ కట్టి తెచ్చారు. నేను చూశాను, నాకు తెలుసు, అయినా దండ వేయడానికి చేయి లేవలేదు. పూలు ఫోటో ముందు పళ్లెంలో పెట్టించాను.

ఆనాటి తిరుగుప్రయాణం మాత్రం నన్ను వదలడం లేదు. బస్సు కదిలాక ఆమె చాలాసేపు కిటికీలో నుంచి ఎండిన చేలు చూసింది. తర్వాత వేళ్లు ముడిచి, ఒక్కొక్క గాజునూ మణికట్టు దాటించి తీసింది. ఎవరూ ఆమె చేయి పట్టుకోలేదు. ఒక్కటి కూడా పగలలేదు. అన్నిటినీ కొంగులో మూటకట్టి ఒడిలో పెట్టుకుంది. నా ఒడిలో గొడుగు ఉంది. ధర్మవరం చేరేదాకా గతుకు వచ్చినప్పుడల్లా ఆ ముడిలో నుంచి గాజులు సన్నగా మోగుతూనే ఉన్నాయి.